మేజోళ్ళ వంశవృక్షం

ఇరవై ఏడేళ్ళ మెరియానాకి ముసలితనం వచ్చిందని పట్నం ఆసుపత్రి కాగితం పంపింది. నడుము దగ్గర రెండు పూసల నడుమ ఉండే మెత్త అరిగిపోయిందనీ, అది వయసుతో వచ్చే అరుగుదల అనీ అందులో రాశారు. వయసుతో రావలసినవి ఆ పిల్లకి ఇంకా చాలా ఉన్నాయి. మొగుడు, పిల్లలు, కాస్త బుద్ధి. అవన్నీ తీరిగ్గా వద్దాంలే అని అరుగు మీద కూర్చుంటే, అరుగుదల ఒక్కటే జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చేసింది.

మేనమామ రావిరి ఆ కాగితం చదివి, మడిచి, వ్యాను అద్దం పక్కన దోపాడు. ఉన్ని కత్తిరించే ముఠాకి అతను మేస్త్రీ. మటౌరా నది మొదలుకుని కొండల దాకా ఏ షెడ్డులో గొర్రెలకి బొచ్చు పెరిగినా అతనికే కబురొస్తుంది. అక్క కూతుళ్ళు మెరియానా, పానియా ఇద్దరూ అతని ముఠాలోనే ఉన్నారు. పెద్దది బొచ్చు తీస్తుంది, చిన్నది తీసిన బొచ్చు ఏరి బల్ల మీద పరుస్తుంది.

"ఏం మామా, మరదలికి పెన్షన్ ఎప్పటినుంచి?" అన్నాడు పక్క సీట్లోంచి తురి. అతను మేస్త్రీ భార్య వైపు మేనల్లుడు. కత్తెర కన్నా నోరు పదును.

"నీకు బుద్ధొచ్చిన మర్నాటి నుంచి బావా," అంది మెరియానా కిటికీలోంచి చూస్తూ.

"అయితే పాపం, పెన్షన్ రాకుండానే పోతావు."

వ్యాను నవ్వింది. రావిరి నవ్వలేదు. తురి అక్కడితో ఆగే రకమైతే తురి ఎందుకవుతాడు. "నేననేది ఏమిటంటే, మామకి ఇన్నేళ్ళుగా వంగి పనిచేసినా నడుం టెలిఫోను స్తంభంలా ఉంది. మరి వంపంతా ఏమైంది? శిష్యురాలికి దానం చేశాడు."

ఆ మాట తురిది కాదు. ఈ మధ్య షెడ్డు షెడ్డులోనూ వినిపిస్తున్నదే. రావిరి పద్ధతి మరీ లోతుగా వంగే పద్ధతనీ, మగాడి ఎముకకి సరిపోయింది ఆడపిల్ల వెన్ను విరిచిందనీ టీ కప్పుల వెనక అనుకుంటున్నారు. దీన్నే వెన్నుపోటు అంటారు. వెన్ను మెరియానాది, పోటు రావిరికి.

షెడ్డు ముందు వ్యాను ఆగింది. తక్కినవాళ్ళు మెట్ల మీద కూలబడి గోనెజోళ్ళు తొడుక్కోవడం మొదలుపెట్టారు. ఉన్ని బేళ్ళకి వాడే గోనె గుడ్డతో కుట్టిన ఆ జోళ్ళకి మడమ ఉండదు, నూనె పట్టిన చెక్కల మీద జారవు. తాళ్ళు చీలమండ చుట్టూ తిప్పి గట్టిగా ముడేయాలి. రావిరికి ఒక్కటే చట్టం ఉంది. తన జోడు తాను కట్టుకోలేనివాళ్ళు తన బోర్డు ఎక్కకూడదు. బోర్డంటే, కత్తిరించేవాళ్ళు నిలబడే చెక్క నేల. తాగొచ్చిన వాళ్ళనీ, నిద్ర చాలని వాళ్ళనీ ఈ చట్టంతోనే ఇంటికి పంపేవాడు.

మెరియానా మాత్రం వ్యానులోంచే ముళ్ళు బిగించుకుని దిగింది. చాలాకాలంగా అంతే. మిగతావాళ్ళింకా వేళ్ళు పీక్కుంటూ ఉండగానే ఆమె బోర్డు మీద ఉండేది. చూశారా శ్రద్ధ, అని రావిరి లోలోపల మురిసిపోయేవాడు.

ఆ సోమవారం షెడ్డు గుమ్మంలో ఒక పొడుగాటి ఆవిడ నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, రబ్బరు బూట్లు, మెడలో రెండు కళ్ళజోళ్ళు.

"నేను ఐల్సా మకైవర్ని. డాక్టర్ని. ఫోనులో మాట్లాడాను," అంది రావిరితో. "ముప్పై నిండకుండానే నడుం అరిగిన వాళ్ళ వెంట తిరుగుతుంటాను. ఎందుకరిగిందో తెలుసుకుందామని."

"వెతకక్కర్లేదు డాక్టరమ్మా," అన్నాడు తురి దొడ్డి తలుపు తోస్తూ. "కారణం ఇక్కడే ఉంది. నాలుగు కాళ్ళ మీద నిలబడి మేమే అంటోంది."

ఆవిడ నవ్వింది. కానీ చెప్పిన కారణాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయే మనిషి కాదని గంటలోనే తెలిసిపోయింది. గంట మోగగానే రావిరి దొడ్డిలోకి వెళ్ళి, గొర్రెని గడ్డం పట్టి తిప్పి, ముందుకాళ్ళు అందుకుని వెనక్కి ఈడ్చుకొచ్చి కూలేశాడు. పొట్ట, వెనక కాలు, మెడ. ఆ తర్వాత పొడుగు కోత. గొర్రెని పడుకోబెట్టి, తోక నుంచి తల దాకా వీపు పొడవునా కత్తెర నడిపించేటప్పుడు మనిషి తల మోకాలి కిందికి దిగుతుంది. పక్కనే మెరియానా అదే కోతలో ఉంది. ఇద్దరి కత్తెరలూ ఒకే ఊపిరితో లేచి దిగుతున్నాయి. బొచ్చు తెల్లటి మీగడలా మడతలు పడి జారుతోంది.

డాక్టర్ ఐల్సా ఆ జిడ్డు నేల మీద బోర్లా పడుకుంది. పాదాలు ఎక్కడ పెడుతున్నారో, మోకాళ్ళు ఎంత వంగుతున్నాయో గొర్రె ఎత్తునుంచి చూసింది. తర్వాత పక్కకి దొర్లి వెల్లకిలా చూసింది. బొచ్చు తీసిన గొర్రెల్ని తోసే గోడ కంతలోంచి ఒక గొర్రె బయటికి జారుతూ ఆవిడ కళ్ళజోడు ఒకటి తన్నుకుపోయింది. రెండోది అందుకే ఉన్నట్టు తీసి పెట్టుకుంది. కాసేపటికి, ఊరికే చూస్తే బాగుండదని చీపురు అడిగి, కత్తిరించేవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి తుక్కు ఉన్ని ఊడ్చింది. మధ్యాహ్నం తానూ ఒక గొర్రెని ఈడుస్తానంది. గొర్రె ఆవిడని గోడ దాకా ఈడ్చింది. ఆవిడ లేచి, బట్టలు దులుపుకుని, "ఇప్పుడు ఎడమ చెయ్యి ముందు వేసి చూస్తాను," అంటూ ఇంకొకదాన్ని అడిగింది.

"ఈవిడ మనలో పుట్టాల్సింది," అంది హుయా అత్త. ఆమె రావిరి భార్య, ముఠాకి వంటమనిషి. ఆమె మెచ్చుకోలు అరుదు. రొట్టె ఎంత బాగా పొంగినా మెచ్చుకోని మనుషుల మధ్య బతికింది.

టీ వేళకి ఉన్ని బేళ్ళ మీద అందరూ కాళ్ళు జాపారు. డాక్టర్ కప్పు పట్టుకుని ఒక్కొక్కర్నీ అడిగింది. పొగ తాగుతారా, ఎప్పటినుంచి పని, దెబ్బలు తగిలాయా, ఎలా పడుకుంటారు. చివరికి, "మీ ఇళ్ళలో వెన్ను జబ్బు ఉన్నవాళ్ళు ఎవరైనా?"

"లేరు," అంది మెరియానా.

"మా వైపూ లేరు," అన్నాడు తురి.

"మా ఇళ్ళలో జబ్బులకేం కొదవ తల్లీ," అంది హుయా అత్త. "చక్కెర ఉంది, గుండె ఉంది, ఉబ్బసం ఉంది. వెన్ను జబ్బు మాత్రం ఏ తరంలోనూ లేదు." అని, బల్ల అంచు పట్టుకుని, ఒక చెయ్యి నడుం మీద వేసి, "అమ్మా" అనుకుంటూ లేచి, టీ కెటిల్ కోసం వెళ్ళింది.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఈ జనానికి తాతముత్తాతల పేర్లు, సముద్రం దాటి ఈ దీవుల్లో మొదటి పడవ దిగినవాడి దాకా నోటికొచ్చు. పెళ్ళిలో నిలబడినా, చావులో నిలబడినా పూస గుచ్చినట్టు చెప్తారు. ఆ పూసలన్నీ చెప్తారు కానీ వెన్నుపూసల సంగతి చెప్పరు. నడుం నొప్పి వాళ్ళ లెక్కలో జబ్బు కాదు, జీతంతోపాటు వచ్చేది. జబ్బంటే మంచం ఎక్కించేది. ఇది మంచం మీంచి లేవనివ్వనిది మాత్రమే.

డాక్టర్ "లేరు" అని రాసుకుంది.

మంగళవారం సాయంత్రం చివరి గంటకి ముందు పానియా బల్ల దగ్గరి పని ముగించి, చేతులు తుడుచుకుని, మామ పక్కన వచ్చి నిలబడింది. పని నేర్చుకునేవాళ్ళకి అదొక హక్కు. రోజు చివరి గొర్రె మీద చివరి పక్క వాళ్ళకి వదిలేస్తారు. కత్తెర చేతికిచ్చి వెనక నిలబడతారు. మెరియానా అలాగే నేర్చుకుంది. రావిరీ అలాగే నేర్చుకున్నాడు.

రావిరి గొర్రె మెడ దాటాడు, పొడుగు కోత దాటాడు, చివరి పక్కకి వచ్చాడు. ఆగలేదు. ఆ పక్క కూడా తనే తీసేసి, బోడి గొర్రెని కంతలోకి తోశాడు.

"మామా," అంది పానియా.

"ఇవాళ వద్దు."

"నిన్నా వద్దన్నావు."

"రేపూ వద్దంటాను. బల్ల దగ్గరే ఉండు. మంచి పనే కదా."

"మంచిదైతే నువ్వే ఉండు."

ఆ పిల్ల చీపురు గోడకి విసిరి వెళ్ళింది. చీపురుని తీసి సరిగ్గా పెట్టింది డాక్టరే. రావిరి దొడ్డి కంచె మీద చేతులు ఆనించి, రేపటి గొర్రెల వైపు చూస్తూ నిలబడి ఉంటే పక్కన వచ్చి తనూ ఆనుకుంది.

"డాక్టరమ్మా, సూటిగా చెప్పండి," అన్నాడు. "నేను నేర్పిన తీరు వల్లేనా?"

"రెండు రోజులుగా అదే చూస్తున్నాను. మీరు వంగే తీరుకీ, ఆమె వంగే తీరుకీ తేడా నాకు కనపడలేదు. మీ నడుం బాగుంది. ఆమెది లేదు."

"అయితే ఎందుకు?"

"తెలియదు."

రావిరి ఆవిడ మొహంలోకి చూశాడు. పట్నంలో డాక్టర్లు తెలియదని అనరు. వయసు అంటారు, బరువు అంటారు, మీ పని అంటారు. ఈవిడ ఆ మాటని దాచుకోకుండా కంచె మీద పెట్టింది.

"నేను ఈ వెతుకులాట మొదలుపెట్టింది పని మీద కోపంతో," అంది. "మా నాన్న పాలకొట్టంలో నడుం పోగొట్టుకున్నాడు. ఎవరో ఒకర్ని తిట్టుకోవాలి కదా. ఆవుల్ని తిట్టాను. తీరా చూస్తే బరువు మోసేవాళ్ళలో ఉంది, కుర్చీలో కూర్చునేవాళ్ళలోనూ ఉంది. మోసినవాళ్ళలో చాలామందికి లేదు. పని పాత్ర కొంత ఉంటుంది. కానీ పని ఒక్కటే దొంగ అయితే, అది ఇంత మందిని ఎందుకు వదిలేసిందో చెప్పాలి. ఎవరో లోపలివాళ్ళు తలుపు తీశారు."

"దానికి తలుపు తీసింది నేనే అయితే, చిన్నదాన్ని బోర్డు ఎక్కించను. నేనూ దిగిపోతాను," అన్నాడు రావిరి.

ఆవిడ సర్దిచెప్పలేదు. "ఒక్క వారం ఆగండి," అంది.

బుధవారం తెల్లారేసరికి పడమటి గాలి వాన తెచ్చింది. రాత్రే సగం గొర్రెల్ని షెడ్డు కిందికి తోలారు కాబట్టి అవి తడిశాయో లేదో తేలాలి. తడి బొచ్చు తీస్తే మనుషులకి చర్మం పాడవుతుంది, కీళ్ళు పట్టేస్తాయి. అందుకని తలా రెండు గొర్రెలు తీసి, తర్వాత రహస్యంగా ఓటేస్తారు. చీటీ మీద తడి అనో పొడి అనో రాసి టోపీలో వేయాలి. తడి నెగ్గితే ఆరోజు పని బంద్. రైతు పక్కనే నిలబడి గొణిగినా, చీటీ మాటే మాట.

రావిరి పొడి మనిషి. నీళ్ళు కారుతున్న గొర్రెని కూడా కొంచెం చెమట పట్టిందంటాడని తురి వేళాకోళం.

రెండో గొర్రె కోసం మెరియానా దొడ్డిలోకి వెళ్తుంటే రావిరి చూశాడు. వంగబోయే ముందు ఆమె గుంజ పట్టుకుంది. ఒక్క క్షణం. నీళ్ళలోకి దూకేవాడు ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టి, అప్పుడు వంగింది. రావిరి చేతి కింద ఉన్న గొర్రె బొచ్చు అప్పడంలా ఫెళఫెళలాడుతోంది. ఇంతకన్నా పొడి గొర్రె ఆ జిల్లాలో లేదు.

చీటీ తీసుకుని "తడి" అని రాశాడు.

కత్తెర పట్టేవాళ్ళు అయిదుగురు, రావిరి, మెరియానా, తురి, ఇంకా ఇద్దరు అన్నదమ్ములు. మూడు తడి, రెండు పొడి. "నేనొకణ్ణి," అన్నాడు తురి వేళ్ళు మడుస్తూ. "ఆ అన్నదమ్ముల్లో చిన్నోడు ఎప్పుడూ తడే. మూడో దేవుడెవరో గానీ, ఆయన మేజోళ్ళు కళ్ళకద్దుకుంటాను." రావిరి తన కత్తెరకి నూనె వేయడంలో మునిగిపోయాడు.

బస వంటింట్లో పొయ్యి భగభగలాడుతోంది. పంది ఎముకల పులుసులో ఆకుకూర ఉడుకుతోంది. హుయా అత్త నూనెలో రొట్టెలు పొంగిస్తోంది. పొయ్యి మీది కమ్మీకి ముఠా మొత్తం మేజోళ్ళు వేలాడుతున్నాయి. వాటి వాసన పులుసుతో పోటీపడి, అప్పుడప్పుడూ గెలుస్తోంది. అన్నదమ్ములు పేకాటకి పక్కగదిలోకి పోయారు. మెరియానా గోడకి వీపు ఆనించి నిలబడి తింటోంది. కూర్చోమంటే తడిశాయి కుర్చీలు అంది. కుర్చీలు తడవలేదు.

డాక్టర్ ఐల్సా రొట్టె నములుతూ ఆ మేజోళ్ళ వైపు చాలాసేపు చూసింది.

"మొన్న తప్పు అడిగాను," అంది ఉన్నట్టుండి.

"ఏమడిగారు?" అంది హుయా అత్త.

"జబ్బున్నవాళ్ళు ఎవరని అడిగాను. ఇప్పుడు ఇంకోటి అడుగుతాను. మీ ఇళ్ళలో, వయసులో ఉండగానే, నడుం వంగక తమ మేజోళ్ళు ఇంకొకరి చేత తొడిగించుకున్నవాళ్ళు ఎవరు?"

 గంపకింద కోడిపిల్లలన్నీ ఒకేసారి అరిచినట్టయింది.

"మా తాతకి మా నాయనమ్మ తొడిగేది," అన్నాడు తురి.

"నడుం నొప్పా?"

"కాదు, బద్ధకం."

"దాన్ని లెక్కలో వేయకండి డాక్టరమ్మా, అది తురి దాకా వచ్చింది," అంది మెరియానా.

హుయా అత్త చేతిలో అట్లకాడ గాలిలో ఆగిపోయింది. "మేజోళ్ళంటే... అమ్మాయిల నాన్న హెమీకి. నా పెళ్ళిలో చూశాను కదా. పాతికేళ్ళవాడు, ఒక కాలు కుర్చీ మీద పెట్టుకుని, వాళ్ళ అక్క వైమారీ తొడుగుతుంటే వెర్రినవ్వు నవ్వుతున్నాడు."

"ఆయన మాంసం ఫ్యాక్టరీలో మోసేవాడు కదా అత్తా. మోతకి వచ్చుంటుంది," అన్నాడు తురి.

"మరి వాళ్ళ నాన్న? ఆయన పోస్టాఫీసులో కూర్చుని ముద్రలు కొట్టడం తప్ప ఏం మోశాడు? ఆయనకి ఒక వెదురుకర్ర ఉండేది, చివర కొక్కెం. మేజోడు లాక్కోవడానికి తనే చేసుకున్నాడు. మేం చిన్నప్పుడు దాంతో పీచెస్ కోసేవాళ్ళం."

డాక్టర్ నమలడం మానేసింది. రావిరి తలుపు పక్కనుంచి కదలలేదు.

"వైమారీ మేనత్తని అడుగుదాం," అంది పానియా. అప్పటికే నంబరు నొక్కి, అందరికీ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టింది. ఆవిడ ఇన్వర్‌కార్గిల్‌లో లైబ్రరీ ఉద్యోగి. రెండు మోతలకే గొంతు వినిపించింది.

"ఎవరు చచ్చారు?" అంది ఫోను.

"ఎవరూ చావలేదు మేనత్తా. నీ మేజోళ్ళు ఎవరు తొడుగుతారు?"

"ఇదడగడానికా, పని వేళలో ఫోను చేశావు?" కొంచెం ఆగింది. "మా ఆయన. ఇంకెవరు తొడుగుతారు. నా ముప్పయ్యో ఏట పూసలకి ఆపరేషన్ చేశారు కదే. అప్పటినుంచి రోజూ తొడుగుతున్నాడు. ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ. అదృష్టం, మేజోళ్ళకి కుడి ఎడమలు లేవు."

"నువ్వెప్పుడైనా బరువులు మోశావా?"

"మోశాను. నిఘంటువు. రెండో సంపుటం. దానివల్లేనని డాక్టరు కూడా అనలేదు." మళ్ళీ ఆగింది. "ఎందుకడుగుతున్నావే? పెద్దదానికి ఎలా ఉంది?"

 పులుసు బుడబుడమంది.

మన పెద్దలు గడుసువాళ్ళు. వంశమన్న ఒక్క మాటకే వెదురనీ, వెన్నెముకనీ, కులమనీ మూడర్థాలు పెట్టి ఊరుకున్నారు. ఆ వంటింట్లో ఆ మూడూ ఒక్క ఫోను చుట్టూ గుమికూడాయి.

"మీ వైపు?" అని డాక్టర్ మెల్లిగా రావిరిని అడిగింది.

అతను జ్ఞాపకాల్లో వెతికాడు. తండ్రి, తండ్రి అన్న, తన అక్క. "మా అమ్మ ఎనభయ్యో ఏట కూడా ఒడ్డున వంగి ఆల్చిప్పలు ఏరేది," అన్నాడు. "మా వైపు అందరూ ఎవరి మేజోళ్ళు వాళ్ళే."

"అక్కకి నేను తొడుగుతున్నాను," అంది పానియా.

ఫోను వైపు చూస్తూ అంది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"చలికాలం నుంచి. మేజోళ్ళూ, గోనెజోళ్ళూ. వ్యానులో వెనక సీటు కింద కూర్చుని కడతాను. తురి బావకి తెలుసు."

తురి నోరు మొదటిసారి మూతపడింది. ఇన్నాళ్ళూ రోజూ ఆ వేళకే పెద్దగా జోకులేసి ముందు సీట్ల తలలు తనవైపు తిప్పుకున్నది ఎందుకో రావిరికి అప్పుడు అర్థమైంది.

"చెబితే బోర్డు దింపేస్తావు కదా మామా," అంది మెరియానా. గోడకి ఆనించిన వీపు అలాగే ఉంది. "నీ చట్టం నువ్వు తప్పవు."

రావిరి కమ్మీ మీది మేజోళ్ళని ఒక్కొక్కటీ తిరగేసి, ఆరినవీ ఆరనివీ వేరుచేయడం మొదలుపెట్టాడు.

అరుగు అంచున చూరునీళ్ళు గీత గీసినట్టు పడుతున్నాయి. డాక్టర్ టీ తెచ్చి, అరుగు మీద కూర్చున్న రావిరి చేతిలో పెట్టింది.

"తప్పు నాది కాదంటారు," అన్నాడు రావిరి.

"పుట్టుకతో వచ్చిన పాలే ఎక్కువనిపిస్తోంది. ఒక్క కుటుంబాన్ని విని తేల్చేయకూడదు, పరీక్షలు చేయాలి. పని పాలు లేదని కూడా అనను. కానీ మీరు నేర్పిన పద్ధతి లైబ్రరీలో కూర్చున్నావిడ నడుం విరచలేదు కదా."

తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. మోస్తున్న గొర్రెని దింపి చూస్తే, దాని కింద ఇంకొకటి ఉంది. వంగడం తను సరిగ్గానే నేర్పాడు. నొప్పి దాచడం కూడా తనే నేర్పాడు, చట్టం పెట్టి మరీ.

"పానియాకి వస్తుందా?"

"రావచ్చు, రాకపోవచ్చు. బోర్డు ఎక్కితే వస్తుందని చెప్పలేను, ఎక్కకపోతే ఆగుతుందనీ చెప్పలేను. ఆ పిల్లకి తెలిసినదంతా చెప్పి, ఆమెనే తేల్చుకోనివ్వాలి."

"పెద్దది?"

"ఆసుపత్రిలో తీసిన ఆ వెన్ను ఫొటో తీర్పు కాదండీ. అలాంటి ఫొటోలున్నవాళ్ళు కొందరు నొప్పే లేకుండా తిరుగుతున్నారు. ఆసరా పట్టీ కట్టుకుని, గొర్రెలు తగ్గించి, నేను చెప్పే కసరత్తు చేసి చూడాలి. కుదరకపోతే దిగాలి. అన్నిటికన్నా ముందు, నొప్పెడితే నొప్పి అనాలి."

ఆవిడ కప్పులో మిగిలిన టీ వానలోకి పారబోసి లేచింది. "నాకు చాలా పని పడింది. ఇన్నేళ్ళుగా ఎక్కడికెళ్ళినా ఆ తప్పు ప్రశ్నే అడిగాను. ఎన్ని ఇళ్ళు 'లేరు' అన్నాయో. అన్ని ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళాలి."

"అన్నిటికీ?"

"మేజోళ్ళు అడగాలి కదా," అంది. ఏళ్ళ తరబడి చేసిన పని గాలికి పోయినందుకు ఆ మొహంలో దుఃఖం లేదు. కొత్త గొర్రెని ఎడమ చేత్తో పట్టబోయే ముందు ఉన్న ఉత్సాహమే ఉంది. హుయా అన్నట్టు ఆవిడ తమలో పుట్టాల్సిన మనిషేనని రావిరికీ అనిపించింది.

గురువారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. అందరికన్నా ముందు షెడ్డుకి వెళ్ళిన రావిరి, నిచ్చెన వేసుకుని మెరియానా చోటు మీద దూలానికి ఆసరా పట్టీ కట్టాడు. పైన స్ప్రింగు, కింద ఛాతీకి వెడల్పాటి పట్టీ. వంగినవాడి బరువు కొంత అది మోస్తుంది. ఇన్నేళ్ళుగా ఎవరైనా దాని పేరెత్తితే, ఉయ్యాల కావాలంటే ఇంటికెళ్ళి ఊగమనేవాడు. స్ప్రింగు పట్టి తన బరువంతా వేసి లాగి చూశాడు. తర్వాత మళ్ళీ లాగి చూశాడు.

వ్యాను వచ్చింది. మెట్ల మీద అందరూ కూర్చున్నారు. మెరియానా ఆఖరున, మేజోళ్ళతో దిగింది. గోనెజోళ్ళు చేతిలో ఉన్నాయి. ఇక దాచడానికేం లేదు కాబట్టి పానియా ముందుకొచ్చి చెయ్యి జాపింది.

"ఆ పైమెట్టు మీద కూర్చో," అన్నాడు రావిరి మెరియానాతో.

కూర్చుంది. అతను పానియా చేతికి అందకుండా జోళ్ళు తీసుకుని, మట్టిలో మోకాలు వేశాడు. పేకాట అన్నదమ్ములు తాళ్ళు పట్టుకుని అలాగే ఉండిపోయారు. 

రావిరి మడమ పట్టి, పాదాన్ని గోనెలోకి జాగ్రత్తగా దింపాడు. తాడు చీలమండ చుట్టూ తిప్పాడు. జీవితంలో తన జోడే గానీ ఇంకొకరి జోడు కట్టినవాడు కాదు. ఎదుటి నుంచి కడితే ఎడమ కుడి అయింది, పైది కిందైంది. వేళ్ళు తడుముకున్నాయి. మొత్తానికి బిగించాడు. రెండో పాదం కూడా.

"పానియా," అన్నాడు తలెత్తకుండా. "డాక్టరమ్మ చెప్పిందంతా విన్నావా?"

"విన్నాను."

"అయినా కావాలా?"

"కావాలి."

"సాయంత్రం చివరి పక్క నీది. నొప్పెడితే చెప్పకుండా ఉన్నావో, చీపురు తిరగేస్తాను."

మెరియానా కిందికి చూసి, ఒక పాదం కాస్త ఎత్తింది. ముడి అప్పుడే సగం జారి, తాడు మెట్టు మీద పడింది.

"మామా," అంది. "నాకు నేర్పినవన్నీ సరిగ్గానే నేర్పావు. ఈ ముడి మాత్రం తప్పు."

"ఎలా వేయాలి?"

ఆమె మొహంలో ఆ వారంలో మొదటిసారి నవ్వు పూర్తిగా వచ్చింది. మేనమామ తల మీద చెయ్యి ఆసరాగా పెట్టుకుని, "ఎడమది ముందు," అంది.

అతను విప్పి, మళ్ళీ మొదలుపెట్టాడు.